రివ్యూ చేసేవాళ్లు కావాలి

పరాయి దేశంలో ఉద్యోగం చేస్తున్న సాఫ్ట్‌వేర్ వాళ్లు ఎవరు కనిపించినా ఓపెన్ సోర్స్‌లోకి, అంటే ఎవరైనా చదివి మార్చుకునేలా కోడ్ బయటపెట్టే ప్రాజెక్టుల్లోకి, రమ్మంటాను. మన వీసా చాలాసార్లు కంపెనీతో ముడిపడి ఉంటుంది, రాసిన కోడూ కంపెనీదే, ఉద్యోగం మారితే ఇన్నేళ్ల పనీ అక్కడే ఉండిపోతుంది. ఓపెన్ సోర్స్‌లో చేసింది మాత్రం మన పేరుతో గిట్ హిస్టరీలో (ఎవరు ఏ కోడ్ ఎప్పుడు మార్చారో చెప్పే రికార్డు) ఎవరైనా చూడొచ్చు. (ముందు మీ ఉద్యోగ ఒప్పందం చదవండి, ఖాళీ టైంలో రాసింది కూడా తమదేనని కొన్ని కంపెనీలు రాయించుకుంటాయి.)

ఆఫీసు మీటింగుల్లో గబగబా మాట్లాడేవాళ్ల మధ్య నేను నోరు తెరిచేలోపే నిర్ణయం అయిపోయేది. ఓపెన్ సోర్స్‌లో చర్చ చాలావరకు రాతలోనే. అపాచీ ఫౌండేషన్ కింద నడిచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల్లో ఓటింగ్ పెడితే మామూలుగా కనీసం 72 గంటలు ఆగుతారు, ఒకరికి పగలైనప్పుడు ఇంకొకరికి అర్ధరాత్రి కాబట్టి. అలా ఆగడం నాకు ఎంత గౌరవంగా అనిపించిందో!

అయితే అందరూ కోడ్ పంపడానికే వస్తారు. దాన్ని రివ్యూ చేసి, అంటే చదివి, టెస్ట్ చేసి, రేపు విరిగితే నాదీ బాధ్యత అనేవాళ్లే తక్కువ. 1991లో లైనస్ టోర్వాల్డ్స్ ఒక్కడే మొదలుపెట్టిన లైనక్స్ ఇంత పెరిగిందంటే, నెట్‌వర్కింగ్‌కి, ఫైల్ సిస్టమ్స్‌కి, డ్రైవర్లకి వేరువేరు మెయింటెయినర్లు (ఆ భాగం బాధ్యత చూసేవాళ్లు) వచ్చి, ఆయన వాళ్ల తీర్పును నమ్మబట్టే. అలా పంచుకోని చోట ఏమవుతుందో 2024లో ఎక్స్‌జెడ్ (ఫైళ్లను కుదించే టూల్) విషయంలో చూశాం. ఎన్నో సిస్టమ్స్‌లో ఉండే ఆ చిన్న ప్రాజెక్టును దాదాపు ఒక్క మనిషే, జీతం లేకుండా, అలసిపోయి మోస్తున్నాడు. సాయం చేస్తామంటూ చేరినవాళ్లు రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి బ్యాక్‌డోర్ (దొంగచాటుగా సిస్టమ్‌లోకి దూరే దారి) పెట్టారు. తప్పు ఆ ఒక్క మెయింటెయినర్ మీద తోసేసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది, అన్నేళ్లూ పక్కన నిలబడింది ఎవరు?

పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషను నడిపే పద్ధతి నాకు నచ్చుతుంది. 2018లో దాన్ని సృష్టించిన గైడో వాన్ రోసమ్ నాయకత్వం నుంచి తప్పుకున్నాక ఐదుగురి కౌన్సిల్‌ని ఎన్నుకోవడం మొదలుపెట్టారు, అందులో ఒకే కంపెనీ ఉద్యోగులు ఇద్దరికి మించకూడదు. కంపెనీ చేతిలో భవిష్యత్తు పెట్టుకుని బతికే మనలాంటివాళ్లకు ఆ నియమం విలువ వెంటనే అర్థమవుతుంది.

కొత్తగా వచ్చేవాళ్లు పెద్ద ఫీచర్ కోసం వెతకొద్దు. మీరు రోజూ వాడే లైబ్రరీలో పాత బగ్ రిపోర్టు ఒకటి తీసుకుని, అది ఇప్పటి వెర్షన్‌లోనూ వస్తోందో లేదో మీ మెషీన్‌లో చూసి, చూసింది చూసినట్టు రాయండి. తర్వాత ఇంకొకరి ప్యాచ్ (వాళ్లు పంపిన కోడ్ మార్పు) చదవండి. మెయింటెయినర్లు అలాంటివాళ్లను గుర్తుపెట్టుకుంటారు, కమిట్ చేసే హక్కు (ప్రాజెక్టులో నేరుగా కోడ్ చేర్చే అధికారం) చాలాచోట్ల వచ్చేది ఆ దారిలోనే.