మూడో రోజు మధ్యాహ్నమే పొంగే నీళ్ల క్యాన్

దొరికింది! పదకొండు రోజులుగా నన్ను ఏడిపిస్తున్న కోళ్ల నీళ్ల క్యాన్ ఎందుకు పొంగుతోందో నిన్న తెలిసింది.

కోళ్లకు మేతా నీళ్లూ వాటంతటవే అందే ఏర్పాట్లు చేసుకుంటున్నా, అందులో మేత సంగతి ఒక్క ముక్కలో చెప్పేస్తా. ఇంట్లో మిగిలిన 4 అంగుళాల ఆశీర్వాద్ పైపుకు కింద ఎల్బో తగిలించి, మూతి పెట్టల వీపు ఎత్తుకు వచ్చేలా కట్టాను, జొన్నలు నేలపాలు కావడం లేదు.

నీళ్లే తల తినేశాయి. ఉన్నవి 9: ఆరు గ్రామప్రియ రకం పెట్టలు, రెండు నాటువి, ఒక పుంజు. నిపుల్ డ్రింకర్లు (కోడి ముక్కుతో పొడిస్తే నీళ్లు చుక్కలుగా వచ్చే చిన్న కొళాయిలు) పోయినేడే పీకేశాను, మా అనంతపురం బోరు నీళ్లకు నెల తిరక్కుండా ఉప్పు పట్టి సగం కారేవి, సగం బిగుసుకుపోయేవి, ఎవరేం చెప్పినా ఈ నీళ్లకు అవి పనికిరావు. అందుకే 20 లీటర్ల వాటర్ క్యాన్‌కు అడుగున 10 మి.మీ. రంధ్రం పెట్టి, మూత గట్టిగా బిగించి బేసిన్‌లో నిలబెట్టాను. రంధ్రం నీళ్లలో మునగగానే లోపలికి గాలి పోదు, ధార అక్కడే ఆగిపోవాలి. రంధ్రం పై అంచు 25 మి.మీ. ఎత్తులో ఉంది, బేసిన్ అంచు 45. అంటే నీళ్లు ఆగాల్సిన మట్టం పైన ఇంకా 20 మి.మీ. ఖాళీ.

మొదటి రెండు రోజులు చుక్క బయటికి రాలేదు. మూడో రోజు మధ్యాహ్నం రెండు గంటలకు చూస్తే గూడు ముందంతా బురద, అందులో పుంజు దర్జాగా నిలబడి ఉంది. మూత గాలి లాగుతోందనుకుని టెఫ్లాన్ టేప్ చుట్టాను, తర్వాత ఎం-సీల్ కూడా పెట్టాను. మళ్లీ నింపితే మళ్లీ మూడో రోజే. నేల వాలు అనుకుని రసమట్టం పెట్టి చూసి బండ సరిచేశాను. మళ్లీ అంతే. మూత లీకైతే రాత్రి కూడా కారాలి కదా, రాత్రి పది నుంచి పొద్దున ఆరు దాకా మట్టం కదల్లేదు! "సట్టిలో పోసి పెడితే తాగవా అవి?" అని మా అమ్మ రోజూ అడుగుతూనే ఉంది.

నిన్న బేసిన్ కింద పెద్ద పళ్లెం పెట్టి కొలిచాను. క్యాన్‌లో సుమారు 10 లీటర్ల నీళ్లు, పైన 10 లీటర్ల గాలి. పొద్దున ఆరుకు క్యాన్‌కు అంటించిన థర్మామీటర్ 27 చూపించింది, రెండింటికి 47. పళ్లెంలో పడినవి 600 మి.లీ. బేసిన్ 36 సెం.మీ. వెడల్పు, క్యాన్ 27, మధ్య సందులో ఆ 20 మి.మీ. ఖాళీ నిండడానికే దాదాపు 890 మి.లీ. పడుతుంది. అంటే లోపలి నుంచి తోసుకొచ్చినవి లీటరున్నర.

ఎండకు లోపలి గాలి ఉబ్బి నీళ్లను కిందికి నెడుతోంది, అంతే. క్యాన్ నిండుగా ఉన్నప్పుడు గాలి కొంచెమే కాబట్టి బేసిన్ తట్టుకుంటుంది, మూడో రోజుకు సగం ఖాళీ అవుతుంది, అప్పుడే వరద. కానీ 20 డిగ్రీలకు గాలి ఉబ్బేది 7 శాతం లోపే, 10 లీటర్లకు 670 మి.లీ. కూడా రాదు, ఆ లెక్కన అసలు అంచు దాటకూడదు. మిగతాది నీటి ఆవిరి పని అనుకుంటున్నా, 47 డిగ్రీల దగ్గర ఆవిరి ఒత్తిడి 27 దగ్గరున్నదానికి దాదాపు మూడు రెట్లు, అది కలిపితే లెక్క లీటరున్నరకు సరిగ్గా వస్తోంది.

ఇంకో దరిద్రం, సాయంత్రం చల్లబడగానే గాలి ముడుచుకుని బేసిన్‌లో నీళ్లను మళ్లీ లోపలికి లాగుతుంది, రెట్టలతో సహా. క్యాన్ అడుగున పచ్చటి జిగురు ఎక్కడి నుంచి వస్తోందా అని వారంగా బ్లీచింగ్ పౌడర్‌తో కడుగుతున్నా.

ఈ రోజు పది లీటర్లతోనే క్యాన్‌ను వేపచెట్టు కిందికి జరిపి తడి గోనెసంచి చుట్టాను. పొంగలేదు, కానీ మట్టం 12 మి.మీ. లేచింది. సంచి గంటకోసారి తడపాలి, ఆఫీసుకెళ్తే ఎవరు తడుపుతారు?

మూసిన క్యాన్లతో ఇక ఎండాకాలం అయ్యేదాకా పెట్టుకోను. ఆదివారం మూత తెరిచిన బకెట్‌ను రెండడుగుల ఎత్తులో పెట్టి, అరంగుళం పైపుతో కిందికి దించి, చిన్న తొట్టిలో కూలర్ ఫ్లోట్ వాల్వ్ (నీళ్లు నిండగానే తేలే బంతి ధారను మూసేసేది) బిగిస్తా. వాల్వ్ 120 రూపాయలకు తెచ్చేశాను. అంత తక్కువ ఎత్తుకు ధార సరిగా వస్తుందా అన్నదే డౌటు, రాకపోతే బకెట్‌ను గూడు కప్పు మీదికి ఎక్కిస్తా. పుంజు ఫ్లోట్‌ను పొడవకుండా పైన జాలీ ముక్క కూడా కోసి ఉంచాను.