టామ్ పెటీ పాటలతో గిటారు సాధన: జనవరి నుంచి ఆగస్టు వరకు

జనవరి

ఈ ఏడాది అమెరికన్ రాక్ గాయకుడు టామ్ పెటీ పాటలను, ఆల్బమ్‌కు ఒకటి రెండు చొప్పున, అకూస్టిక్ గిటారు వాయిస్తూ పాడగలిగేంతవరకు నేర్చుకోవాలని నిర్ణయించుకున్నాను. ఆయన 1950 అక్టోబరు 20న ఫ్లోరిడాలోని గేన్స్‌విల్‌లో పుట్టారు. 2017 అక్టోబరు 2న కన్నుమూశారు. నేను ఎమ్మెస్ చదివింది ఆ ఊళ్ళోని యూనివర్సిటీ ఆఫ్ ఫ్లోరిడాలోనే కాబట్టి ఆయన పాటలు నాకు రికార్డుల కంటే ముందు ఊరివాళ్ళ నోట పరిచయమయ్యాయి. ఇప్పుడు ఉంటున్నది అక్కడికి గంటన్నర దూరంలోని జాక్సన్‌విల్‌లో. నెలకొక శనివారం సాయంత్రం మా ఇంటి వెనుక వరండాలో కొద్దిమంది అభిమానులం కలుస్తాం. నేను ఆ నెలలో నేర్చుకున్న పాట వాయిస్తాను, మిగిలినవాళ్ళు ఆ పాటతోనో ఆ ఆల్బమ్‌తోనో తమకున్న జ్ఞాపకాలు చెబుతారు. రెండింటినీ ఒకేచోట రాసిపెట్టుకోవడానికే ఈ లాగ్.

పరికరాల సంగతి క్లుప్తంగా రాస్తాను. నాది మామూలు డ్రెడ్‌నాట్ (పెద్ద పెట్టె) గిటారు. దానికి ఉన్న 12-53 మందపు తీగలు వేలికొసలను కోసేస్తుండడంతో కొంచెం సన్నని 11-52 సెట్టుకు మారాను. ధ్వనిలో కొంత బరువు తగ్గినా రోజూ సాధన చేయడానికి ఇదే అనుకూలంగా ఉంది. ఫ్లోరిడా ఉక్కకు తీగలు త్వరగా తుప్పు పడతాయి, చెక్క ఉబ్బుతుంది. అందుకని గిటారును గోడకు తగిలించకుండా కేసులోనే, తేమను 45 నుంచి 55 శాతం మధ్య నిలిపే ప్యాకెట్లు వేసి ఉంచుతున్నాను. వాయించడం కాగానే తీగలను పొడిగుడ్డతో తుడవడం కూడా సాధనలో భాగమే.

ఫిబ్రవరి: 'ఫ్రీ ఫాలిన్'

మొదటి పాట విషయంలో ఎవరికీ వేరే మాట లేదు. 1989లో వచ్చిన 'ఫుల్ మూన్ ఫీవర్' ఆల్బమ్ ఈ పాటతోనే మొదలవుతుంది. పెటీ, నిర్మాత జెఫ్ లిన్ కలిసి రాసిన పాట ఇది. పుట్టింది గిటారుపై కాదు, చిన్న కీబోర్డుపై.

పాట ఎఫ్ మేజర్ శ్రుతిలో ఉంటుంది. మూడో ఫ్రెట్ (గిటారు మెడమీది లోహపు గీత) దగ్గర కాపో, అంటే తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు, బిగిస్తే డి, డి సస్4, ఎ సస్4 అనే మూడు కార్డుల (కలిపి మోగించే స్వరాల) ఆకారాలతో దాదాపు పాట మొత్తం గడిచిపోతుంది. డి పట్టినప్పుడు ఉంగరపు వేలు రెండో తీగమీద, కాపో నుంచి లెక్కపెట్టిన మూడో ఫ్రెట్‌లో ఉంటుంది. డి సస్4 కోసం చిటికెన వేలు మొదటి తీగ మూడో ఫ్రెట్ మీదికి వస్తుంది కాని ఉంగరపు వేలు కదలదు. ఎ సస్4కు వెళ్ళినప్పుడు చూపుడు, మధ్య వేళ్ళు మూడో, నాలుగో తీగల మీదికి జరుగుతాయి. ఉంగరపు వేలు అప్పుడూ ఉన్నచోటే ఉంటుంది. ఆ వేలి కింద పలికే స్వరం ఈ పాటకు ఆధార షడ్జం. అంటే కార్డులు మారుతున్నంతసేపూ షడ్జం తంబురా శ్రుతిలా ఆగకుండా మోగుతూనే ఉంటుంది. కర్ణాటక సంగీతం వింటూ పెరిగిన చెవికి ఈ పాట మొదటిసారే దగ్గరగా తోచడానికి కారణం ఇదేనని నా నమ్మకం. పెటీ పాటల్లో కార్డులు తక్కువని అందరూ అంటారు. తక్కువ కావడం గొప్ప కాదు, ఆ కొద్దిపాటి కదలికల మధ్య దేన్ని కదల్చకూడదో ఆయనకు తెలియడం గొప్ప అని నాకనిపిస్తోంది. ఈ ఏడాది ప్రతి పాటలోనూ దాన్నే వెతుకుతున్నాను.

సాధనకు మెట్రోనోమ్‌ను (తాళం కొట్టే పరికరం) నిమిషానికి 60 బీట్ల దగ్గర మొదలుపెట్టి, వారానికి కొంచెం పెంచుతూ అసలు వేగమైన 84కు చేరాను. కాపోను ఫ్రెట్‌కు సరిగ్గా వెనుక ఆనించి బిగించాలి, బిగించాక తప్పకుండా మళ్ళీ శ్రుతి చూసుకోవాలి. లేకపోతే మందపు తీగలు కొంచెం హెచ్చుగా పలుకుతాయి.

ఆ శనివారం మాటలు పాట దాటి ఆల్బమ్ మీదికి మళ్ళాయి. మా పక్కింటి పెద్దాయన దీన్ని మొదట కేసెట్‌లో కొని, తర్వాత సీడీ కొన్నారట. సీడీలో ఐదో పాట 'రన్నిన్ డౌన్ ఎ డ్రీమ్' ముగియగానే పెటీ గొంతు వినిపిస్తుంది: రికార్డులు, కేసెట్లు వినేవాళ్ళు ఇప్పుడు లేచి రెండో వైపు తిప్పుకోవాలి కాబట్టి, న్యాయంగా ఉండడం కోసం సీడీ శ్రోతలు కూడా కాసేపు ఆగాలని చెబుతారు. వెనుక జంతువుల అరుపులు వినిపిస్తుంటాయి. ఆ కొద్ది క్షణాల సరదా పెద్దాయనకు ఎంత ఇష్టమంటే, నేను వరసగా పాటలు వాయిస్తుంటే మధ్యలో చెయ్యెత్తి ఆపి, ఆ ప్రకటన అంతా ఆయనే చెప్పారు. ఈ ఆల్బమ్‌ను రికార్డు కంపెనీ మొదట వద్దందన్న సంగతి గుర్తొస్తే ఆయనకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

మార్చి, ఏప్రిల్: 'ఐ వోంట్ బ్యాక్ డౌన్'

ఇదీ అదే ఆల్బమ్‌లోని పాట. ఇ మైనర్, డి, జి చాలు, మధ్యలో సి కలుస్తుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళకు ఇంతకంటే తేలికైన కార్డులు దొరకవు, కష్టమంతా కుడిచేతిదే. వేగం నిమిషానికి సుమారు 114 బీట్లు. చేయి ఊరికే ఉరకాలని చూస్తుంది, పాట మాత్రం నింపాదిగా, ఒకే అడుగుతో నడవాలి. ఫోనులో రికార్డు చేసుకుని వింటే తప్ప ఎక్కడ వేగం పెరిగిందో తెలియడం లేదు. చరణంలో కిందివైపు దెబ్బలతోనే వాయించి, పల్లవిలో మాత్రం పైవైపు దెబ్బలు కలపడం వల్ల కొంత అదుపు వచ్చింది.

ఈ పాట రికార్డింగు రోజున పెటీకి బాగా జలుబు చేసి గొంతు పట్టేసిందట. బీటిల్స్ గిటారిస్టు జార్జ్ హారిసన్ దుకాణానికి వెళ్ళి అల్లం తెచ్చి, ఉడికించి, ఆ ఆవిరి పట్టించాకే ఆయన పాడగలిగారు. ఈ సంగతి విని మా బృందంలో మేమందరం అక్కా అని పిలిచే గుంటూరు ఆవిడ, హారిసన్‌కు మన వైద్యం బాగానే వంటబట్టిందని తేల్చేశారు. ఆవిడ పెటీని చేరుకున్నది కూడా హారిసన్ దారినే. హైదరాబాదులో చదువుకునే రోజుల్లో బీటిల్స్ పిచ్చితో, హారిసన్ ఉన్నాడు కదా అని హారిసన్, పెటీ తదితరులు కలిసి పాడిన 'ట్రావెలింగ్ విల్బరీస్' బృందం 1988 నాటి మొదటి ఆల్బమ్ కేసెట్ సంపాదించుకున్నారట. డిలన్, ఆర్బిసన్, లిన్, హారిసన్ వంటి దిగ్గజాల మధ్య ఈ నీరెండ రంగు జుట్టు మనిషి ఎవరా అని ఆరా తీశారట. అక్కడి నుంచి ఆవిడ వెనక్కి తిరగలేదు.

నా వంతు జ్ఞాపకం వేరు. పెటీ పోయిన ఐదు రోజులకు, 2017 అక్టోబరు 7న, 88 వేలమందికి పైగా పట్టే మా విశ్వవిద్యాలయం స్టేడియంలో ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) జట్టుతో అమెరికన్ ఫుట్‌బాల్ ఆట జరిగింది. మూడో క్వార్టర్ ముగియగానే మైకుల్లో ఈ పాట వేశారు, జనం మొత్తం గొంతు కలిపారు. ఆటలో మావాళ్ళు 16-17తో ఓడిపోయినా, ఆ ఆనవాయితీ మాత్రం అక్కడ స్థిరపడిపోయింది. అప్పటికి నాకు ఈ పాట పల్లవి తప్ప ఏమీ రాదు, అయినా పాడగలిగాను. అంతమంది ఒక్కసారిగా అందుకోవడానికి వీలుగా స్వరం పెద్దగా ఎక్కదు, దిగదు. మామూలు మనిషి మాట్లాడే స్థాయిలోనే తిరుగుతుంది. ఈ పాటలో కదలకుండా నిలబడేది అదేనని ఇప్పుడు వాయిస్తుంటే తెలుస్తోంది.

మే: 'లెర్నింగ్ టు ఫ్లై'

1991 నాటి 'ఇన్‌టు ద గ్రేట్ వైడ్ ఓపెన్'లోని ఈ పాట మొదటి నుంచి చివరిదాకా ఎఫ్, సి, ఎ మైనర్, జి అనే నాలుగు కార్డుల చక్రమే. ఎఫ్ బార్ కార్డు (చూపుడువేలితో తీగలన్నిటినీ అడ్డంగా నొక్కేది) ఇంకా నా చేతికి లొంగలేదు కాబట్టి, కాపోను ఐదో ఫ్రెట్‌కు జరిపి సి, జి, ఇ మైనర్, డి ఆకారాలతో వాయిస్తున్నాను. శ్రుతి మారదు, మణికట్టుకు విశ్రాంతి. ఆల్బమ్ గురించి ఎవరికీ పెద్దగా చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. పాట మాత్రం అందరికీ నోటికి వచ్చు.

జూన్: 'అమెరికన్ గర్ల్', ధర గొడవ

ఒంటరి అకూస్టిక్ గిటారుతో ఈ పాటకు న్యాయం జరగదు. 1976 జూలై 4న, అమెరికా స్వాతంత్ర్యానికి రెండు వందల ఏళ్ళు నిండిన రోజున రికార్డు చేసిన ఈ పాటలో వినిపించే గలగలలు పన్నెండు తీగల గిటారువని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి పెటీ, ఆయన బృందంలోని గిటారిస్టు మైక్ క్యాంప్‌బెల్ వాయించిన రెండు ఆరు తీగల గిటార్లు. బర్డ్స్ బృందానికి చెందిన రోజర్ మెగ్విన్ దీన్ని విని, నేనిది ఎప్పుడు రికార్డు చేశానని హాస్యమాడారు, మరుసటి ఏడాది తానే పాడి విడుదల చేశారు కూడా. నేను డి, ఇ, జి, ఎ కార్డులతో లయను పట్టుకోవడంతో సరిపెట్టుకున్నాను. ఇక్కడ ఇ మేజర్‌ను అలవాటుకొద్దీ ఇ మైనర్ చేస్తే పాట కళ తప్పుతుంది. మూడో తీగ మొదటి ఫ్రెట్‌లో చూపుడువేలు గట్టిగా ఆనాలి.

గేన్స్‌విల్‌లో చదివిన ప్రతివాడికీ సీనియర్లు ఒక కథ చెబుతారు: బేటీ టవర్స్ హాస్టల్ పైనుంచి దూకిన ఒక విద్యార్థిని గురించి ఈ పాట రాశారని. పాటలో 441 నంబరు రోడ్డు ప్రస్తావన ఉండడం, ఆ రోడ్డు ఊరి మధ్యనుంచే పోవడం వల్ల కథ అతికినట్టు ఉంటుంది. అది వట్టి పుకారని పెటీయే చెప్పారు. నేను ఈ మాట అన్నప్పుడల్లా ఎవరో ఒకరు నొచ్చుకుంటారు, అయినా చెప్పక తప్పదు.

పెద్దాయన ఆ సాయంత్రం 1981 నాటి 'హార్డ్ ప్రామిసెస్' ఎల్పీ తెచ్చారు. ఆ ఆల్బమ్‌ను 9.98 డాలర్లకు అమ్మాలని కంపెనీ అనుకుంటే, మామూలు ధర 8.98 దాటడానికి వీల్లేదని పెటీ పట్టుబట్టారు; అవసరమైతే ఆల్బమ్ పేరే '8.98 డాలర్లు' అని పెడతానన్నారు, చివరికి నెగ్గారు. అట్టమీద ఫోటోలో ఆయన రికార్డుల దుకాణంలో నిలబడి ఉంటారు. ఒక పెట్టెమీద 8.98 అని రాసి ఉంటుంది. పెద్దాయన అట్టను దీపం దగ్గరికి పట్టుకుని ఆ అంకెను వేలితో చూపించారు. మూలలు అరిగిపోయాయి, మడత దగ్గర పాత టేపు పసుపుపచ్చగా మారింది. అప్పట్లో గంటకు మూడు డాలర్ల చిల్లర పనిచేసే కుర్రవాడికి ఆ ఒక్క డాలరు ఎంతో ఆయన మాకు వివరంగా చెప్పారు. అభిమానుల్లో పెటీ మాటకు ఉన్న విలువ పాటల వల్ల ఎంత వచ్చిందో, ఈ ఒక్క డాలరు వల్లా అంత వచ్చిందని నా అభిప్రాయం.

జూలై: 'వైల్డ్‌ఫ్లవర్స్'

1994 నవంబరు 1న వచ్చిన ఈ ఆల్బమ్‌నే మా బృందంలో అందరూ నెత్తిన పెట్టుకుంటారు, నేను కూడా. రిక్ రూబిన్ నిర్మాణం. జెఫ్ లిన్ కాలపు పొరలు పొరల గిటార్లు తగ్గి, గదిలో ఎదురుగా కూర్చుని పాడుతున్నట్టు వినిపిస్తుంది. పెటీ మొదట ఇరవై ఐదు పాటలతో జంట ఆల్బమ్ అనుకున్నా, విడుదలైంది పదిహేనింటితోనే. మిగిలినవన్నీ కలిపి ఆయన పోయాక 2020లో విడుదలయ్యాయి. పేరు పాట ఒక్క ఊపులో, మాటలూ వరసా కలిసి వచ్చేసిందని ఆయన చెప్పారు. అంత తేలిగ్గా పుట్టినది వాయించడానికి తేలిక కాదు. పిక్ (తీగలు మీటే చిన్న ప్లాస్టిక్ ముక్క) గట్టిగా పట్టుకుంటే పాట ముక్కలవుతుంది. 0.73 మిల్లీమీటర్ల పిక్‌ను పక్కనపెట్టి 0.46ది వాడాను, తీగలమీద దెబ్బ సగానికి తగ్గించాను, పాడేటప్పుడు గిటారు గొంతుకంటే కింద ఉండేట్టు చూసుకున్నాను. ఫోనును రెండు అడుగుల దూరంలో, గిటారు పన్నెండో ఫ్రెట్‌కు ఎదురుగా పెడితే రెండూ సమంగా రికార్డవుతున్నాయి.

ఈ ఆల్బమ్ మీద జ్ఞాపకాలు పెద్దగా పైకి రాలేదు. అక్క మాత్రం చివరి పాట 'వేక్ అప్ టైమ్' గురించి చెప్పారు: తండ్రి పోయిన ఏడాది, రాత్రి షిఫ్టు ముగించుకుని వస్తూ కారు ఆపకుండా ఆ పియానో అయ్యేదాకా వీధి చుట్టూ తిరిగేవారట. ఆ పాట నన్ను వాయించమన్నారు. అది గిటారు పాట కాదని చెప్పి తప్పించుకున్నాను.

ఆగస్టు: 'రెఫ్యూజీ'

1979 నాటి 'డ్యామ్ ద టార్పెడోస్' అమెరికా పట్టికలో రెండో స్థానం వరకు వెళ్ళింది. పైన పింక్ ఫ్లాయిడ్ వారి 'ద వాల్' కదలకుండా కూర్చుంది. 'రెఫ్యూజీ' కోసం పెటీ బృందం లెక్కలేనన్ని టేకులు చేసింది. ఎఫ్ షార్ప్ మైనర్, ఎ, ఇ: ఇందులో మొదటిది బార్ కార్డు, ఈసారి కాపోతో తప్పించుకోవడం లేదు. రోజూ పది నిమిషాలు ఆ ఒక్క కార్డే పట్టి, ఒక్కొక్క తీగ విడిగా మీటి చూస్తున్నాను. రెండో తీగ ఇంకా మూగగానే ఉంది. చూపుడువేలిని చదునుగా కాక కొంచెం పక్కకు, ఎముకవైపు ఒరిగించి పెడితే మెరుగ్గా పలుకుతోంది.

ఆ బృందంలోని బెన్‌మాంట్ టెంచ్ వాయించిన హామండ్ ఆర్గన్ లేకపోతే ఈ పాట బోసిగా ఉంటుంది. అక్క కూతురు కీబోర్డు నేర్చుకుంటోంది. ఆర్గన్ భాగం రాసి పంపాను. వచ్చే శనివారానికి ముందు తీగలు మార్చాలి, మార్చిన రెండు రోజులు అవి సాగుతాయి కాబట్టి గురువారమే ఆ పని పెట్టుకున్నాను. పెద్దాయన డ్రమ్ములకు బదులు ఐస్ డబ్బా మూత వాయిస్తానంటున్నారు.