నాన్న అడిగిన ప్రశ్న

నాన్న ఆపరేషన్ అయ్యాక ఐదు రాత్రులు వార్డులో ఆయన మంచం పక్కనే స్టూలు వేసుకుని కూర్చున్నాను. మూడో రాత్రి, సెలైన్ చుక్కల్ని చూస్తూ చూస్తూ, "అసలు మనం ఎందుకు పుట్టామంటావురా?" అన్నారు. నాకు నోట మాట రాలేదు.

పక్క బెడ్ తాతగారు విన్నట్టున్నారు. తెల్లవారుజామున మంచం మీదే కూర్చుని నమాజు చేసుకున్నాక మెల్లగా చెప్పారు. జిన్నులనూ మనుషులనూ తన ఆరాధన కోసమే సృష్టించానని ఖురాన్ 51వ సూరాలో అల్లా అన్నాడట. "ఆరాధనంటే నమాజొక్కటే కాదు బాబూ. మీ నాయన కాళ్లు పడుతున్నావే, అదీ అందులోదే." ఆ మాటకి నా చేతులు ఒక్క క్షణం ఆగిపోయాయి.

బీపీ చూడటానికొచ్చిన సిస్టర్, చిన్నప్పుడు చర్చిలో నేర్చుకున్న మాట చెప్పింది: దేవుణ్ణి మహిమపరచడం, ఆయనలో ఎప్పటికీ ఆనందించడం. క్రైస్తవ విశ్వాసాన్ని నేర్పే 1647 నాటి వెస్ట్‌మిన్‌స్టర్ ప్రశ్నోత్తరాల్లో, మనిషి జీవితానికి ముఖ్య ఉద్దేశం ఏమిటన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇదే. అందులో భయం లేదు, ఆనందం ఉంది. అది నాకు చాలా నచ్చింది.

బుద్ధుడైతే ఇలాంటి ప్రశ్నలడిగిన మాలుంక్యపుత్తుడనే శిష్యుడికి, బాణం దిగినవాడు వేసినవాడి కులం తెలిసేదాకా ఆగుతాడా, ముందు బాణం తీయించుకోవాలి కదా అన్నాడు. నొప్పితో మూలిగే ఆ వార్డులో ఈ మాటే ఎక్కువసార్లు గుర్తొచ్చింది.

మా ఇంట్లో చతుర్విధ పురుషార్థాలు వింటూ పెరిగాం. నాన్న మాత్రం మోక్షం ఊసెత్తలేదు. "చెల్లి పెళ్లి ఉందిగా, నా ధర్మం ఇంకా మిగిలే ఉంది" అన్నారు.

ఇవాళ డిశ్చార్జ్. వెళ్లేముందు నాన్న తాతగారి చేతులు పట్టుకుని చాలాసేపు నిలబడ్డారు. ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు.