సున్నా కూడా రాయాలి

ఇంగ్లండులోని పీటర్‌బరో నుంచి దక్షిణంగా సైకిల్ మీద గంట దూరం వెళ్తే హోమ్ ఫెన్ అనే అడవి వస్తుంది. తెల్లటి బెరడున్న బర్చ్ చెట్ల మధ్య ఒక ఇనుప స్తంభం నిలబడి ఉంటుంది. 1851లో దాన్ని భూమిలోకి దింపినప్పుడు పై కొన సరిగ్గా నేలమట్టానికి ఉంది. ఇప్పుడు పక్కన నిలబడి చెయ్యెత్తినా కొన అందదు. స్తంభం కదల్లేదు, చుట్టూ ఉన్న నేలే దాదాపు నాలుగు మీటర్లు కుంగిపోయింది.

అదే 1851లో అక్కడికి దగ్గర్లో విటిల్సీ మియర్ అనే పెద్ద సరస్సులోని నీళ్లు తోడేసి, దాన్ని పొలాలుగా మార్చారు. నీళ్లు పోయాక అక్కడి నల్లటి పీట్ నేల, అంటే కుళ్లిన మొక్కలు పేరుకుని ఏర్పడిన నేల, ఎండి, గాలి తగిలి కరిగిపోతూ వచ్చింది. ఇలా జరుగుతుందని ముందే ఊహించి, ఎంత కుంగుతుందో చూద్దామని ఎవరో ఆ స్తంభాన్ని పాతించారు. దాన్ని మొదటిసారి చూసిన రోజు నేను చాలాసేపు అక్కడే నిలబడిపోయాను. నాది కైకలూరు దగ్గర ఒక ఊరు. కొల్లేరు సరస్సు చేపల చెరువులుగా మారిపోవడాన్ని పుట్టినప్పటి నుంచీ చూసినదాన్ని. మాకూ ఐదో కాంటూరు లోపల, అంటే సరస్సుకి హద్దుగా పెట్టిన గీత లోపల, ఎకరంన్నర ఉండేది. నా కాలేజీ ఫీజులు ఆ చెరువు మీద వచ్చినవే. 2006లో ఆ హద్దు లోపలి చెరువుల్ని తీసేయడానికి ప్రభుత్వం చేసిన కొల్లేరు ఆపరేషన్ అప్పుడు చుట్టుపక్కల చెరువుల గట్లు కొట్టేశారు. కొల్లేరు ఎంత తగ్గింది, ఎప్పటి నుంచి తగ్గింది అని మా ఊళ్లో అడిగితే ఒక్కొక్కరు ఒక్కో లెక్క చెబుతారు. మాకు అలాంటి స్తంభం లేదు.

ఇక్కడ నేను చేసే ఉద్యోగం కూడా ఆ స్తంభం లాంటిదే. ప్రకృతి పరిస్థితి మీద సూచికలు, అంటే ఇండికేటర్లు తయారు చేసే పనిలో డేటా అనలిస్టుగా ఉన్నాను. ఉద్యోగం వచ్చిందని ఫోన్ చేస్తే నాన్న మొదట అడిగింది ఇదే: "ఏమ్మా, పిట్టల్ని లెక్కపెడితే జీతమిస్తారా అక్కడ?" లెక్కపెట్టేవాళ్లకి జీతం లేదు నాన్నా, వాళ్లు ఊరికే చేస్తారు, ఆ లెక్కలు కూడేదానికే జీతం అని చెప్పాను. ఆయన నమ్మలేదు. మొదట్లో నాకూ నమ్మబుద్ధి కాలేదు.

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసిన రోజుల్లో నాకు బయోడైవర్సిటీ అంటే గచ్చిబౌలి దగ్గర జంక్షన్ పేరు. 2012 అక్టోబరులో ప్రపంచ దేశాల జీవవైవిధ్య సదస్సు మన హైదరాబాద్‌లోనే జరిగిందని, ఆ పార్కుకీ జంక్షన్‌కీ ఆ పేరు ఎందుకుందని ఇక్కడికి వచ్చాకే శ్రద్ధగా చదివాను. అంతకు రెండేళ్ల ముందు జపాన్‌లోని నగోయాలో దేశాలన్నీ 2020కల్లా సాధించాలని 20 లక్ష్యాలు పెట్టుకున్నాయి. గడువు వచ్చేసరికి ప్రపంచం మొత్తం మీద వాటిలో ఒక్కటి కూడా పూర్తిగా నెరవేరలేదు. 2022 డిసెంబరులో మాంట్రియల్‌లో మళ్లీ 23 లక్ష్యాలు రాసుకున్నారు. ఈసారి వాటితో పాటు ఏ దేశమైనా ఏ సూచికలతో తన లెక్క చూపించాలో కూడా ఒప్పుకున్నారు. నా దృష్టిలో ఆ రెండో పనే పెద్దది. కొలిచే పద్ధతి ముందే ఖాయం కాకపోతే, చివర్లో ఎవరి లెక్క వాళ్లు చెప్పుకుంటారు.

బ్రిటన్ సూచికల్లో నాకు బాగా దగ్గరైనది పొలం పిట్టల సూచిక. పొలాల మీద బతికే 19 రకాల పక్షుల్ని తీసుకుంటారు. 1970లో ఉన్న సంఖ్యను 100 అనుకుంటారు. ప్రతి రకానికీ విడిగా ఆ ఏడాది అంకె కట్టి, అన్నిటికీ కలిపి గుణమధ్యమం తీస్తారు. మనం ఇంటర్‌లో చదువుకున్నదే. మామూలు సగటు ఎందుకు తియ్యరంటే, ఒక పిట్ట రెట్టింపై 200కి వెళ్లి, ఇంకో పిట్ట సగమై 50కి పడితే మామూలు సగటు 125 చూపిస్తుంది, ఏదో బాగుపడ్డట్టు. గుణమధ్యమం 100 దగ్గరే నిలబడుతుంది. అలా లెక్క కట్టినా ఇప్పుడా సూచిక 40 దగ్గర ఉంది. యాభై ఏళ్లలో సుమారు 60 శాతం పడిపోయింది.

ఆ ఒక్క అంకెతో ఆగిపోకూడదు. 19 రకాల్లో పొలం తప్ప వేరే దిక్కులేనివి 12. వాటిని విడిగా చూస్తే నాలుగింట మూడొంతులు పోయాయి. ఎక్కడైనా బతకగలిగే మిగతా 7 రకాలు చాలా తక్కువే తగ్గాయి. గింజలు తినే చిన్న పిట్ట కార్న్ బంటింగ్, మన కౌజుపిట్టకు చుట్టమైన గ్రే పార్ట్రిడ్జ్, గువ్వల జాతి టర్టిల్ డవ్ మాత్రం వెతికినా దొరకనంతగా తగ్గిపోయాయి. మా ఊళ్లో తీతువు అరిస్తే అపశకునమని పెద్దవాళ్లు భయపడతారు. దాని ఇంగ్లండు చుట్టం లాప్‌వింగ్ కూడా ఈ జాబితాలో ఉంది.

కారణం చదివినప్పుడు నాకు మా పొలమే కళ్ల ముందుకొచ్చింది. ఒకప్పుడు ఇక్కడ బార్లీ లాంటివి వసంతంలో విత్తేవాళ్లు. కోత అయ్యాక కొయ్యకాళ్లు చలికాలమంతా పొలంలోనే ఉండేవి, రాలిన గింజ పిట్టలకు పరిగె అయ్యేది. తర్వాత రైతులు కోత కాగానే దున్ని, చలికి ముందే విత్తే పద్ధతికి మారారు. దిగుబడి పెరిగింది, పరిగె పోయింది. పైగా వసంతానికల్లా పైరు ఒత్తుగా ఎదిగిపోయి, నేల మీద గూడు కట్టే స్కైలార్క్‌కి చోటు దొరకదు. పురుగుమందులు, పీకేసిన కంచెపొదలు దానికి తోడయ్యాయి. ఏ రైతూ పిట్టల మీద పగతో చేసింది కాదిది. మా నాన్న వరి మానేసి చేపల చెరువు తవ్వించింది కూడా గూడబాతుల మీద కోపంతో కాదు.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది నేను చేసిన తప్పు ఇప్పటికీ నిద్రలో గుర్తొస్తుంది. సర్వే డేటాలో చూసిన పక్షులే ఉంటాయి. మే నెలలో ఒక మనిషి వెళ్లి కార్న్ బంటింగ్ కనపడక తిరిగొస్తే, ఆ పక్షి పేరు మీద ఏ వరుసా ఉండదు. అక్కడికి వెళ్లినట్టు ఇంకో టేబుల్‌లో ఉంటుంది. రెండూ కలిపి, కనపడని చోట సున్నా మనమే పెట్టాలి. నేను ఆ రెండో టేబుల్ కలపడం మర్చిపోయి, కనపడిన చోట్ల సగటు మాత్రమే తీశాను. గ్రాఫ్ పైకి లేచింది! పక్షి చాలా చోట్ల మాయమై, బాగా ఉన్న నాలుగు చోట్లే లెక్కలో మిగిలితే సగటు పెరుగుతుంది కదా. ఇన్నాళ్లకి ఒక మంచి వార్త దొరికిందని సంబరపడి మా సీనియర్‌కి చూపించాను. ఆవిడ రెండు నిమిషాలు చూసి, "సున్నాలు ఏవి?" అని అడిగింది. నాకు చెమటలు పట్టాయి. ప్రభుత్వ గణాంకాలు ఇక్కడ ముందుగా ప్రకటించిన తేదీన, ఉదయం 9.30కి విడుదలవుతాయి. ఆ టైముకి ఆ తప్పు బయటికి వెళ్లి ఉంటే ఏమయ్యేదో అని టెన్షన్‌తో వారం రోజులు సరిగ్గా తినలేదు. ఆవిడ మాత్రం ఒక్క మాట కూడా పడనివ్వలేదు. సున్నా వేరు, ఖాళీ వేరు అని కూర్చోబెట్టి చెప్పింది. 2001లో ఇక్కడ పశువులకు గాలికుంటు వచ్చి పొలాల్లోకి ఎవర్నీ రానివ్వలేదు. అప్పుడు చూడలేకపోయిన చోట్లన్నీ ఖాళీలు. అక్కడ సున్నా పెడితే అది అబద్ధం. వెళ్లి, చూసి, కనపడకపోతే అది సున్నా. దాన్ని ఖాళీగా వదిలినా అబద్ధమే.

ఆ తర్వాతే నేనూ లెక్కపెట్టడానికి వెళ్లాలనుకున్నాను. 1994 నుంచి నడుస్తున్న బ్రీడింగ్ బర్డ్ సర్వేలో దేశమంతటా మూడు వేలకు పైగా కిలోమీటరు చదరాలు ఉంటాయి. వాటిని లాటరీలా ఎంచుతారు, ఎక్కడ పక్షులు బాగుంటాయో అక్కడికి పోవడం కుదరదు. ఒకరికి అందమైన కొండవాలు రావచ్చు, ఇంకొకరికి రింగు రోడ్డు రావచ్చు. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య రెండుసార్లు పొద్దున్నే వెళ్లి, కిలోమీటరు పొడవున్న రెండు గీతల వెంట నడిచి, కనిపించినవీ వినిపించినవీ రాసుకోవాలి. నాకు వచ్చిన స్క్వేర్‌లో అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఒక పెద్దాయన నడిచారు. మోకాళ్లు సహకరించక మానేశారు. మొదటిరోజు చలిలో, చేతికర్రతో, నాతో పాటు మొదటి గేటు దాకా వచ్చారు. మురుగు కాలవ అవతల పొదల్లో పిట్టలు గోల చేస్తుంటే నేను అటు వెళ్లబోయాను. "ఆ పక్క బాగుంటాయి, నాకు తెలుసు. కానీ మన గీత ఇది," అన్నారు.

చుట్టూ పూర్తిగా చదునైన నేల, గీసినట్టున్న కాలవలు, గట్లు. కొంచెం కళ్లు మూసుకుంటే మా డెల్టానే. చలి ఒక్కటే వేరు. ఆ పొద్దున స్కైలార్క్‌లు పది రాశాను. దాని కోడ్ ఒక ఎస్, పక్కన చుక్క. కార్న్ బంటింగ్ లేదు. ఇంటికొచ్చాక పెద్దాయన పాత కాగితాలు చూస్తే, మొదటి సంవత్సరాల్లో ఆ పేరు ప్రతిసారీ ఉంది. తర్వాత ఒకటి. తర్వాత లేదు. అయినా ఆయన వెళ్లడం మానలేదు. ఏటా రెండుసార్లు, ఆ పక్షి లేదని తెలిసిన చోటికే, లేదని రాయడానికి వెళ్లారు. బ్రిటన్ పొలం పిట్టలు 60 శాతం తగ్గాయని ఇవాళ మనం ధైర్యంగా చెప్పగలుగుతున్నామంటే ఇలాంటివాళ్ల వల్లే.

నాకు బాధ కలిగించే విషయం ఒకటుంది. సూచికలన్నీ ఒకే జాతివి కావు. ప్రకృతి ఎలా ఉందో చెప్పేవి కొన్ని, మనం ఏం చేశామో చెప్పేవి కొన్ని. రక్షిత ప్రాంతాల విస్తీర్ణం రెండో రకం. అది పెరుగుతూ వచ్చింది, ఆ గ్రాఫ్ చూడ్డానికి బాగుంటుంది. పక్క పేజీలో పిట్టలు తగ్గుతూనే ఉంటాయి. గీత గీసి బోర్డు పెట్టడం వరకు కొలిచి, లోపల ఏముందో కొలవకపోతే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. కొల్లేరుకి 1999లో అభయారణ్యం హోదా వచ్చింది, 2002లో అంతర్జాతీయంగా ముఖ్యమైన చిత్తడి నేలగా రామ్సర్ గుర్తింపు వచ్చింది. రెండూ కాగితం మీద పచ్చ రంగు గడులే.

మన దేశంలోనూ పని మొదలైంది. 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక కోసం దాదాపు 30 వేల మంది పక్షి ప్రేమికుల మూడు కోట్ల నమోదులు వాడారు. 942 రకాల్ని పరిశీలించారు. అయితే దీర్ఘకాలంలో పెరిగాయా తగ్గాయా అని తేల్చగలిగింది 338 రకాలకే. వాటిలో 204 తగ్గాయి. మిగతా ఆరొందల పైచిలుకు రకాల గురించి దీర్ఘకాలపు మాట చెప్పడానికి పాత లెక్కలు చాలవు. నిన్న ఎవరూ రాసి పెట్టకపోతే ఇవాళ ఎంత పెద్ద కంప్యూటర్ ఉన్నా ఏం లాభం?

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు నాన్నకి ఇదంతా చెప్పాను. చూరుకి వరి కంకుల కుచ్చు కట్టి ఉంది. పిచ్చుకలు వస్తున్నాయా అంటే, "ఎందుకు రావు, వస్తాయి," అన్నారు. ఎన్ని అంటే తెలీదు. ఒక రూళ్ల నోటుబుక్కు కొనిచ్చి, ప్రతి ఆదివారం ఏడింటికి, మన డ్రెయిన్ గట్టు మీద రావిచెట్టు దగ్గర నిలబడి, అరగంట చూసి రాయమన్నాను. గూడబాతు, నీటికాకి, తీతువు, పిచ్చుక, నాలుగే. చోటు మారకూడదు, టైము మారకూడదు. మొదటి నెల ఆయన రెండు ఆదివారాలు వదిలేశారు. ఒంట్లో బాగాలేదా నాన్నా అంటే, "వెళ్లానమ్మా, ఏమీ కనపళ్లేదు. లేనిదాన్ని ఏం రాయను?" అన్నారు. మా సీనియర్ నాకు చెప్పినట్టే, నెమ్మదిగా, ఫోన్లో అంతా చెప్పాను. ఆయన విని ఊఁ అన్నారు.

మరుసటి ఆదివారం ఇక్కడ ఇంకా తెల్లవారకముందే వాట్సాప్‌లో ఫోటో వచ్చింది. నాన్న గుండ్రటి అక్షరాలు. గూడబాతులు 14. నీటికాకులు 6. తీతువు 2. నాలుగో వరుసలో పిచ్చుక అని రాసి, దాని ఎదురుగా పెన్ను గట్టిగా నొక్కి పెద్ద సున్నా చుట్టారు.