చేవెళ్ల రోడ్డు మీద చేలు చూస్తూ

మా అక్క కూతురు పుణెలోని హడప్సర్‌లో గ్లైడర్ నేర్చుకుంటోంది. దసరా సెలవులకు మియాపూర్‌లోని మా ఇంటికి వస్తే, ఆదివారం పొద్దున్నే కారెక్కించుకుని మొయినాబాద్, చేవెళ్ల మీదుగా వికారాబాద్ వైపు తీసుకెళ్లాను. ఆమెకు నేనిచ్చిన పని ఒక్కటే: "ఇప్పుడు మనం రెండు వేల అడుగుల ఎత్తులో ఉన్నాం. లిఫ్ట్ లేదు. ఎక్కడ దింపుతావో చెప్పు."

గ్లైడర్ ఇంజిన్ లేని విమానం, పైకి లేచే గాలి (అదే లిఫ్ట్) దొరికితేనే ఎత్తు నిలుస్తుంది. కాబట్టి రన్‌వే దాకా రాలేని రోజు ఎప్పుడో ఒకసారి వస్తుంది. అప్పుడు ఏదో ఒక చేలో దిగాల్సిందే. దాన్ని ఔట్‌ల్యాండింగ్ అంటారు. సరైన చేను ముందే చూసుకుంటే అది మామూలు ల్యాండింగే. మనిషిని ముంచేది ఆలస్యం.

ఆ ఆలస్యం నేనూ చేశాను. ఆఫీసు పని మీద జర్మనీలో ఉన్న రెండేళ్లూ వారాంతాల్లో గ్లైడర్ నడిపేవాణ్ణి. ఒక ఆగస్టు సాయంత్రం మబ్బులు కరిగిపోయాయి, అంటే లిఫ్ట్ అయిపోయినట్టే. దూరంగా మా గ్లైడర్లు దిగే మైదానం పక్కనున్న చర్చి గోపురం కనిపిస్తూనే ఉంది. నేను నడిపే ఏఎస్‌కే 21 రకం గ్లైడర్ నిశ్చలమైన గాలిలో కిలోమీటరు ఎత్తు నుంచి సుమారు 34 కిలోమీటర్లు పోగలదు. ఆ లెక్క పట్టుకుని కూర్చున్నాను. కానీ ఎదురుగాలి ఉంది, దారిలో సింక్, అంటే కిందికి దిగే గాలి, ఉంది. గోపురం దగ్గరికి రావట్లేదని నాకు తెలియకుండానే స్టిక్ వెనక్కి లాగుతున్నాను. ముక్కెత్తితే దూరం పెరగదు, వేగం పడిపోతుంది. అంత కింద, తక్కువ వేగంతో మలుపు తిప్పితే గ్లైడర్ స్పిన్‌లోకి వెళ్తుంది, గిరగిరా తిరుగుతూ పడిపోతుంది. తేరుకునే ఎత్తు ఉండదు.

700 అడుగుల దగ్గర గానీ కిందికి చూడలేదు. అదృష్టం కొద్దీ కోత అయిపోయిన గోధుమ చేను ఉంది. దిగాను. కాలువకు ముప్పై అడుగుల దూరంలో ఆగాను. గ్లైడర్‌కు గీత కూడా పడలేదు, కానీ చాలాసేపు క్యానపీ (తల మీది అద్దం మూత) తెరవడానికి చేతులు ఆడలేదు.

అందుకే మా మేనకోడలితో మూడు అంకెలు మళ్లీ మళ్లీ చెప్పించాను. 2000 అడుగుల్లో దిగడానికి అనువైన ప్రాంతం, 1500లో ఒక్క చేను, 1000లో సర్క్యూట్, అంటే దిగడానికి చేను పక్కగా చుట్టి రావడం, మొదలు. ఆ తర్వాత లిఫ్ట్ తగిలినా ఆశపడకూడదు.

"ఆల్టీమీటర్ చూసుకుంటాను కదా మామయ్యా" అంది. ఎత్తు చూపే ఆ మీటరుకు కింద నేల ఎంత ఎత్తులో ఉందో తెలియదని చెప్పాను. బేగంపేట రన్‌వే సముద్ర మట్టానికి 1742 అడుగులు, శంషాబాద్ 2024. బేగంపేటలో సున్నాకు పెట్టుకుని బయల్దేరితే, శంషాబాద్ నేల మీద ఆగి ఉన్నప్పుడు కూడా అది 282 చూపిస్తుంది. తెలియని చేను మీద ఎత్తు కంటితోనే అంచనా కట్టాలి.

చేవెళ్ల దాటాక నున్నగా, పచ్చగా ఉన్న చేను చూపించింది. కారు ఆపి దగ్గరికి తీసుకెళ్లాను. కంది! ఆమె ఛాతీ దాకా ఉంది. అందులో ఒక రెక్క ముందుగా తగిలితే గ్లైడర్ గిర్రున తిరిగిపోతుంది. రెండోది కాకర పందిరి. పైనుంచి ఆకుపచ్చ దుప్పటిలా కనిపిస్తుంది, కింద వరసగా రాతి కడీలు, వాటి మీద తీగలు. నాకు అన్నిటికన్నా భయం ఇదే. మూడోది రోడ్డు పక్కన మర్రిచెట్ల వెనకాల. 50 అడుగుల చెట్టు మీదుగా దిగాలంటే, దాని వెనక దాదాపు 500 అడుగుల నేల మనకు లేనట్టే. మన దగ్గర అంత పొడుగు చేలే తక్కువ, మధ్యలో గట్లు వేరే.

నాలుగోది దున్నిన ఎర్రచేను. వాలు పైకి ఉంది, సాళ్లు కూడా అటే. వాలు బాగా ఉంటే గాలి వెనక నుంచి ఉన్నా ఎగువకే దిగాలని తనే చెప్పింది. సంతోషం వేసింది. గట్టు మీదున్న రైతును అడిగితే "చూస్కోండ్రి సార్" అన్నాడు. అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచింది. నూట ఎనభై దగ్గర టక్కున ఆగిపోయింది.

తలకు కాస్త పైన, బోరు మోటారుకు వెళ్లే సన్నటి వైరు. రెండు వంకర కర్రల మీద చేనుకు అడ్డంగా ఉంది. రోడ్డు మీద నుంచి ఇద్దరికీ కనపడలేదు.

"వైరు కోసం కాదు, స్తంభాల కోసం వెతకమని మా సార్ చెప్పారు" అంది మెల్లగా. వెనక్కి తిరిగి ఆ కర్రలు ఏ గట్టు నుంచి మొదలయ్యాయో చూసుకుంటూ మోటారు దాకా నడిచింది.

"ఇంకోటి చూద్దాం పద మామయ్యా."