తెర నల్లబడింది, బ్యాకప్ రెండేళ్ల నాటిది

నా పాత 3డీఎస్ (నింటెండో వాళ్ల చేతిలో పట్టే గేమ్ కన్సోల్) దానంతటది పాడవలేదు, నేనే పాడు చేశాను. ఆటలూ ప్రోగ్రాంలూ ఇన్‌స్టాల్ చేయడానికి, తీసేయడానికి వాడే ఎఫ్‌బీఐ అనే యాప్‌లో టైటిళ్ల (అంటే కన్సోల్‌లో ఉన్న ఆటలు, ప్రోగ్రాంల) జాబితా చూస్తూ, ఇదేదో పనికిరానిది మిగిలిపోయినట్టుంది అనుకుని ఒకదాన్ని డిలీట్ కొట్టాను. తీరా అది సిస్టమ్‌దట. ఆపి మళ్లీ ఆన్ చేస్తే నీలం లైటైతే వెలిగింది గానీ రెండు తెరలూ నల్లగానే ఉండిపోయాయి.

బయటి ప్రోగ్రాంలు కూడా నడిచేలా కన్సోల్‌ని మాడ్ చేసిన రోజే నాండ్ బ్యాకప్ తీసి ల్యాప్‌టాప్‌లో పెట్టుకున్నాను. సిస్టమ్ సాఫ్ట్‌వేరూ సెట్టింగులూ ఉండే లోపలి మెమరీయే నాండ్. పాత మోడల్‌లో అది ఒక జీబీ కూడా ఉండదు, నా ఫైలు 943 ఎంబీ. ఫైలు పేరులోనే తేదీ, కన్సోల్ సీరియల్ నంబరు ఉంటాయి, జతగా, బ్యాకప్ చెడిపోలేదని సరిచూసుకోవడానికి ఒక చిన్న ఎస్‌హెచ్‌ఏ ఫైలు వస్తుంది. వేరేవాళ్ల బ్యాకప్ అడిగి తెచ్చుకుని వేస్తే కుదరదు, ఏ కన్సోల్‌కి ఆ కన్సోల్ ఎన్‌క్రిప్షన్ కీలే ఉంటాయి. అందుకే ఆ ఒక్క ఫైలు కోసం ల్యాప్‌టాప్ మొత్తం గాలించాను. తీరా చూస్తే డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోనే ఉంది. ఇన్నాళ్లూ అది చెత్తతో పాటు పోకపోవడం నా అదృష్టం.

స్టార్ట్ బటన్ నొక్కిపట్టి పవర్ ఆన్ చేశాను. నాండ్‌ని బ్యాకప్, రీస్టోర్ చేసే ప్రోగ్రాం గాడ్‌మోడ్9 తెరుచుకుంది! మాడ్‌కి పునాది అయిన బూట్‌9స్ట్రాప్ హోమ్ మెనూ కంటే ముందే లోడవుతుంది కాబట్టి, మెనూ చచ్చినా దీనికేం కాదు. ఇది ముందే తెలిసి ఉంటే ఆ అరగంట టెన్షన్ తప్పేది.

ఎస్‌డీ కార్డు తీసి ఫైళ్లు రెండూ కాపీ చేసి మళ్లీ పెట్టాను. రీస్టోర్ కంటే ముందు ఎస్‌హెచ్‌ఏ లెక్క చూసుకున్నాను, సరిపోయింది. కాపీలో ఎక్కడైనా తేడా వచ్చి ఉంటే ఆ చెత్తే నాండ్‌లోకి ఎక్కేది. చార్జర్ కూడా గుచ్చి ఉంచాను, మధ్యలో బ్యాటరీ అయిపోతే అంతకంటే దరిద్రం ఉండదు.

ఆప్షన్లలో ‘సేఫ్’ అని ఉన్న రీస్టోర్‌నే ఎంచుకున్నాను. మాడ్ కూర్చున్న బూట్ భాగాన్ని అది ముట్టుకోదు, మిగతాది రాస్తుంది. అయితే నాండ్ మీద రాయడానికి గాడ్‌మోడ్9 ఊరికే ఒప్పుకోదు. తెర మీద ఎర్రగా హెచ్చరిక, కింద బాణం గుర్తుల వరస. వాటిని అదే క్రమంలో నొక్కి చివర ‘A’ బటన్ నొక్కాలి. చేతులు వణికి మొదటిసారి తప్పు నొక్కాను. ఇంత గొడవ దేనికని గతంలో విసుక్కున్న మాట నిజమే. డిలీట్ కొట్టిన రోజు కూడా ఎవరైనా ఇలా బాణాలు నొక్కించి ఉంటే బాగుండేది.

పట్టీ మెల్లగా నిండింది. పని అయ్యాక, రాసే అనుమతి మళ్లీ లాక్ చేయాలా అని అడిగింది. చేసేశాను. రీబూట్ చేస్తే హోమ్ మెనూ వచ్చింది.

వచ్చింది గానీ సగం ఆటలు లేవు. ఈ రెండేళ్లలో ఇన్‌స్టాల్ చేసినవన్నీ మాయం. ఎస్‌డీ కార్డులో వాటి డేటా అలాగే ఉంది, కానీ వాటి టికెట్లు (ఆట నడవడానికి అనుమతిచ్చే ఫైళ్లు) ఉండేది నాండ్‌లో. నేను తెచ్చి పెట్టింది రెండేళ్ల కిందటి నాండ్ కదా, దానికి ఈ ఆటల సంగతే తెలీదు. ఒక్కోటీ మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలేమో అని నీరసం వచ్చింది. ఫేక్‌టిక్ అనే చిన్న హోమ్‌బ్రూ (నింటెండో కాకుండా బయటివాళ్లు రాసిన) ప్రోగ్రాం రన్ చేస్తే లేని టికెట్లు అదే తయారుచేసింది, ఆటలు తిరిగొచ్చాయి.

అప్పటికప్పుడు కొత్త బ్యాకప్ తీసి రెండు చోట్ల పెట్టాను.

తిరిగిరానివి ప్లే కాయిన్లు, నడిచినందుకు కన్సోల్ ఇచ్చేవి. వాటి లెక్క కూడా నాండ్‌లోనే ఉంటుంది. వంద అడుగులేస్తే ఒక కాయిన్, రోజుకు పదికి మించి రావు, మొత్తం 300 దగ్గర ఆగిపోతుంది. కన్సోల్ జేబులో వేసుకుని తిరిగి తిరిగి ఆ 300 నింపాను. ఇప్పుడు చూస్తే 42.