వస నూరినట్టు

మొన్న మా బంధువులింట జ్ఞానస్నానం విందుకు వెళ్లాం. ఐదేళ్ల పిల్లవాణ్ణి కుర్చీ ఎక్కించి ఇంగ్లీషు రైమ్స్ చెప్పించారు. వరసగా నాలుగు చెప్పాడు. ఒకటి నుంచి పది దాకా స్పానిష్‌లో కూడా లెక్కపెట్టాడు, ఫోన్లో నేర్చుకున్నాడట. అందరం చప్పట్లు కొట్టాం. భోజనాలకు ముందు ఫాదర్‌గారు వాణ్ణే పిలిచి "సిలువ గుర్తు వెయ్యి నాన్నా" అన్నారు. వాడు వాళ్లమ్మ ముఖం చూశాడు. "ఇంకా సత్యోపదేశానికి పంపలేదు ఫాదర్, వేసవి సెలవుల్లో పంపుదామని" అందావిడ.

ఆ మాట నాకు ఇప్పటికీ గుచ్చుకుంటూనే ఉంది. వాడికి మాటలు నేర్పడానికి వేసవి సెలవుల దాకా ఆగామా? అంకెలకు ఆగామా? దేవుడి దగ్గరకు వచ్చేసరికి మాత్రం పది రోజుల సత్యోపదేశం క్లాసు, ఒక ఉపదేశిగారు, ఒక పరీక్ష, ఒక బహుమతి. దాంతో సరి.

బైబిల్లో ద్వితీయోపదేశ కాండం 6వ అధ్యాయం మనకు కొత్త కాదు. దేవుడి ఆజ్ఞల గురించి అక్కడ ఇలా ఉంది: "నీవు నీ కుమారులకు వాటిని అభ్యసింపజేసి, నీ యింట కూర్చుండునప్పుడును త్రోవను నడుచునప్పుడును పండుకొనునప్పుడును లేచునప్పుడును వాటిని గూర్చి మాటలాడవలెను." ఇందులో "అభ్యసింపజేసి" అన్న మాట దగ్గర నేను చాలా ఏళ్లు ఆగనేలేదు. హెబ్రీ మూలంలో అక్కడున్నది షానన్ అనే ధాతువు. పదును పెట్టడం అని దానర్థం. అదే కాండం 32వ అధ్యాయంలో దేవుడు కత్తి నూరుతాననే చోట ఉన్నదీ అదే. "తళతళలాడు నా ఖడ్గము నూరి" అని మన పాత అనువాదం. 64వ కీర్తనలో చెడ్డవాళ్లు కత్తికి పెట్టినట్టు తమ నాలుకలకు పదును పెడతారన్న చోటా అదే. కత్తికీ, నాలుకకూ, కన్నబిడ్డకూ ఒకటే మాట.

మన తెలుగులో ఇది ఇంకా బాగా అమరింది. కత్తినీ నూరుతాం, మందునూ నూరుతాం. నూరిన మందు పిల్లల నోట్లో పోస్తాం కాబట్టే, మనసుకు పట్టేలా పదేపదే చెప్పడాన్ని నూరిపోయడం అన్నాం.

మాది పలాస దగ్గర పల్లె. మా తమ్ముడు పుట్టినప్పుడు మామ్మ సానరాయి మీద పాలచుక్క వేసి, వసకొమ్మును రెండు చుట్లు తిప్పి, వేలి కొసతో వాడి నాలుక మీద రాసేది. మాటలు తొందరగా రావాలని. (ఇప్పుడు డాక్టర్లు వద్దంటున్నారు. నేను నా పిల్లలకు పెట్టలేదు, మీరూ పెట్టకండి.) నేను చెప్పేది ఆ కొలత గురించి. రెండే రెండు చుట్లు. కొమ్మంతా ఒక్కరోజే అరగదీసి పోస్తే బిడ్డ తట్టుకోలేడు. పదిరోజులు మరిచిపోయి పదకొండో రోజున ఎక్కువ పోసినా అంతే. రోజూ స్నానమయ్యాక, అమ్మ ఒళ్లో, ఆ రవ్వంత. కొమ్ము అరగడం ఏ రోజుకారోజు కంటికి కనబడదు. ఏడాది తిరిగాక చూస్తే సగమయ్యేది. రాయి కూడా అరిగి, మధ్యలో చిన్న గుంట పడేది.

రాయి సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది. సాన అరగకుండా ఏదీ పదునెక్కదు. "ఈ మాటలు నీ హృదయములో ఉండవలెను" అన్నది 6వ వచనం, పిల్లల మాట ఎత్తింది ఆ తర్వాతి వచనంలో. ముందు మన గుండెలో గుంట పడాలి.

మామ్మకు అక్షరమ్ముక్క రాదు. సాయంత్రాలు అరుగు మీద కూర్చుని జీడిపప్పు పొట్టు తీస్తూ జపమాల చెప్పేది. చేతులు ఖాళీ ఉండేవి కావు, నోటితోనే అంతా. మేం చుట్టూ కూర్చుని ఆడుకుంటూనే, కొట్టుకుంటూనే అందుకునేవాళ్లం. మాకు తెలుగు ఎప్పుడొచ్చిందో గుర్తులేనట్టే మరియమ్మకు చెప్పే మంగళవార్త జపం ఎప్పుడొచ్చిందో కూడా గుర్తులేదు. "మీ గర్భఫలమగు యేసు" అన్న చోట ఒకరోజు అడిగాను, ఏం పండు మామ్మా అని. "నువ్వు మీ యమ్మ కడుపు పండు. యేసుసామి మరియమ్మ కడుపు పండు" అంది. తరవాత ఎన్నో పుస్తకాలు చదివాను. అంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

పరభాషలు వద్దని నేను అనడం లేదు. నా ఇద్దరు ఆడపిల్లలకూ ఇంగ్లీషు నేనే ఇంట్లో నేర్పుకుంటున్నాను. ఆలోచించండి, మన పిల్లల నాలుక మీద ఇప్పటికే ఎన్ని భాషలున్నాయో. ఆమెన్, అల్లెలూయ హెబ్రీ. కిరియె ఎలెయిసోన్ గ్రీకు. ఆవె మరియా లాటిన్. "తలీతాకుమీ" యేసు ఇంట్లో మాట్లాడుకున్న అరమాయి. చనిపోయిన పన్నెండేళ్ల పిల్లను చేయిపట్టి లేపుతూ "చిన్నదానా, లెమ్ము" అని అన్నమాట అది. మార్కు గారు సువార్త అంతా గ్రీకులో రాస్తూ, ఆ పిలుపును మార్చడానికి మనసొప్పక అలాగే ఉంచారేమో అనిపిస్తుంది నాకు. లేచిన వెంటనే ఆ పిల్లకు తినడానికేమైనా పెట్టమన్నాడు ప్రభువు. ఈ మాటలన్నీ మన పిల్లలకు ఏ టీచరూ నేర్పలేదు. పాటతో, మోకాళ్లతో, అమ్మ పక్కన నిలబడి నేర్చుకున్నారు.

అందుకే ఇంగ్లీషును కూడా జపాల దారినే తెచ్చాను. ముందు యేసు నేర్పిన పరలోక జపం తెలుగులో, ఒక్కో మాట అర్థంతో. వారానికి ఒక వాక్యం, అంతకు మించి లేదు. అది ఒంట పట్టాక అదే వాక్యం ఇంగ్లీషులో. అర్థం ముందే లోపల ఉంది కాబట్టి పరాయి మాట పరాయిగా అనిపించదు. మా పెద్దది "అప్పులను మన్నించండి" దగ్గర ఆగి "మనకి దేవుడికి అప్పేటమ్మా?" అంది. ఆ ఒక్క ప్రశ్న మీద రెండు రాత్రులు మాట్లాడుకున్నాం. చిన్నది "బ్రెడ్" దగ్గర ఆగింది. ఇంగ్లీషులో రొట్టె, తెలుగులో అన్నం ఎందుకని. మూలంలో ఉన్నది రొట్టే. తెలుగు చేసిన పెద్దలెవరో గాని, వరి పండే ఊళ్లో ఆకలి పేరేమిటో వాళ్లకు తెలుసు.

ఆల్ప్స్ పర్వతాల్లోని సవోయ్ నుంచి ఫ్రెంచి మాట్లాడే గురువులు 1846లో విశాఖపట్నం వచ్చారు. ఇక్కడి జ్వరాలూ ఎండలూ పడుతూ మన భాష నేర్చుకున్నారు. వాళ్ల సభకు పాలక పునీతుడు, వాళ్లకు రెండు వందల ఏళ్లకు పైగా ముందటి బిషప్ ఫ్రాన్సిస్ డి సేల్స్. చెవిటి మూగ అయిన మార్టిన్ అనే అతని కోసం ఆయన తానే సైగల భాష కూర్చుకుని, దాంతోనే సత్యోపదేశం నేర్పి, దివ్యసత్ప్రసాదం ఇచ్చారు. ఒక్క మనిషి కోసం ఒక బిషప్‌గారు కొత్త భాష కట్టుకున్నారు. మనం కన్నపిల్లల కోసం, వచ్చిన భాషలోనే పావుగంట కూర్చోలేమా?

అమ్మల్లారా, అక్కల్లారా, నేనూ తప్పు చేసిన దాన్నే. పెద్దది నాలుగేళ్లప్పుడు అన్నం తినిపించడానికి ఫోన్ ఇచ్చాను, పడుకోబెట్టడానికి ఫోన్ ఇచ్చాను. వచనం చెప్పిన నాలుగు వేళల్లో రెండు నా చేత్తోనే దాని చేతిలో పెట్టేశాను. వెనక్కి తీసుకోవడానికి ఏడాది పట్టింది. మీరు ఈ రాత్రే మొదలుపెట్టండి. పుస్తకం అక్కర్లేదు. పక్క వేశాక లైటు తీసి, చేయిపట్టుకుని నుదుటి మీద సిలువ గుర్తు వేయించండి. ఒక్క వాక్యం చెప్పండి. రేపు మళ్లీ అదే వాక్యం. తండ్రులు కూడా కూర్చోండి, ఇది ఆడవాళ్ల పని అనుకోకండి.

మావారు కువైట్‌లో ఉంటారు. రాత్రి ఫోన్ చేస్తే పిల్లలతో కలిసి జపం చెబుతారు. పోయిన వారం చిన్నది అడిగింది, "నాన్నా, నీకక్కడ అన్నమా, బ్రెడ్డా?" అని. "ఇక్కడ ఖుబ్బూస్ అనే రొట్టె తల్లీ. అరబ్బీవాళ్లు పరలోక జపంలో కూడా ఆ మాటే అంటారు" అన్నారాయన. అది కాసేపు ఏమీ అనలేదు. జపంలో ఆ చోటు రాగానే కళ్లు మూసుకుని, "నానాటికి కావలసిన మా అన్నము, మా నాన్న ఖుబ్బూసు, మాకు నేటికి ఇవ్వండి" అంది. అవతల ఆయన గొంతు ఆగిపోయింది. ఆ రాత్రి మిగతా జపం పిల్లలిద్దరే పూర్తి చేశారు.